గింజ పగిలిన గడియ నుంచి

గోధుమ గింజ బరువులో అంకురం వాటా రెండు మూడు శాతం. గింజకు ఒక కొసన, పిండి నిండిన భాగాన్ని ఆనుకుని ఉంటుంది. తడి తగిలితే మొలకెత్తేది అదే. కాబట్టి పుట్టబోయే మొక్కకు తొలి రోజుల్లో కావలసిన నూనె, బి విటమిన్లు, విటమిన్ ఇ అక్కడే పోగుపడి ఉంటాయి. మన నగరాల్లో దొరికే బ్రెడ్డు, బన్ను, నాన్, బిస్కట్టు, పరోటా చాలావరకు ఆ రెండు మూడు శాతాన్ని వదిలించుకున్న పిండితోనే తయారవుతున్నాయి. తెల్లగా ఉండాలనీ మెత్తగా ఉండాలనీ అలా చేస్తారంటారు. అదీ నిజమే గానీ, అంతకంటే పెద్ద కారణం నిలవ.

గింజ పగలనంత కాలం లోపలి నూనెకు వచ్చే ముప్పు తక్కువ. బాగా ఎండబెట్టి పురుగు పట్టకుండా చూసుకుంటే గోధుమలు, జొన్నలు, పెసలు ఏడాది పైగా నిలవుంటాయి. గింజలో నూనె ఒక చోట, ఆ నూనెను విడగొట్టగల లైపేజ్ అనే ఎంజైము మరో చోట ఉంటాయి. పిండిమర ఆ అడ్డుగోడల్ని కూల్చేస్తుంది. ఎంజైము నూనె మీద పడుతుంది, విడివడ్డ కొవ్వు ఆమ్లాలకు గాలిలోని ఆక్సిజన్ తగులుతుంది, కొన్నాళ్ళకు పిండి ముక్కిపోయిన వాసన వేస్తుంది. సజ్జపిండి విషయంలో ఇది మరీ వేగం. పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుందని సజ్జరొట్టె చేసే ఇళ్ళలో అందరికీ తెలుసు.

ఇంట్లో తిరగలి ఉన్న రోజుల్లో ఇదొక సమస్యే కాదు. కావలసినప్పుడు కావలసినంత విసురుకునేవారు. పిండికి ముక్కిపోయేంత వ్యవధి దొరికేది కాదు. పిండిని వందల మైళ్ళ అవతలికి పంపి, గోదాముల్లో నెలల తరబడి ఉంచి అమ్మాలన్నప్పుడే చిక్కొచ్చింది. 1870ల్లో బుడాపెస్ట్ మిల్లులు రాళ్ళను పక్కనబెట్టి లోహపు రోలర్లతో గోధుమ ఆడించడంలో ఆరితేరాయి. జతగా తిరిగే రెండు రోలర్లలో ఒకటి వేగంగా, ఇంకోటి నిదానంగా తిరుగుతుంది. గింజ ఒక్కసారిగా నలగదు, విచ్చుకుంటుంది. తర్వాతి రోలర్లు లోపలి తెల్లటి భాగాన్ని గీకి తీస్తాయి. నూనె ఉన్న అంకురం పొడి కాకుండా రేకులా చదునవుతుంది, పొట్టు కూడా పెద్ద పెద్ద తునకలుగానే మిగులుతుంది. జల్లెడ పడితే రెండూ పైన నిలిచిపోతాయి. కిందికి దిగింది మైదా. గింజలో సుమారు ముప్పాతిక వంతు అలా మైదాగా, రవ్వగా వస్తుంది, తక్కినది దాణాకు పోతుంది. నిలవ సమస్య తీరిపోయింది.

దాంతోపాటు ఏం పోయిందో చూడటానికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టిక చాలు. నూరు గ్రాముల గోధుమ పిండిలో పీచు 11.36 గ్రాములు, మైదాలో 2.76. పాలిష్ బియ్యంలో 2.81. జొన్నలో 10.22, సజ్జలో 11.49, రాగిలో 11.18. అంకెల్ని పక్కపక్కన పెడితే మైదా గోధుమను వదిలి బియ్యం పక్కకు వచ్చి కూర్చుంటుంది. అన్నం మానేసి బ్రెడ్డు తింటున్నామని తృప్తిపడేవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఆ సంస్థ పుట్టుకే ఈ కథలో ఒక భాగం. అందులో మన తీరం పాత్ర ఉంది. మనకు గర్వకారణమయ్యే పాత్రేమీ కాదది. జావాలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ 1890ల్లో కోళ్ళకు తెల్లబియ్యం పెడితే కాళ్ళు పడిపోవడం, తవుడు ఉన్న బియ్యం పెడితే కోలుకోవడం గమనించాడు. ఆ పనికి 1929లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు నీరు పట్టి, చివరికి గుండె దెబ్బతినే ఆ జబ్బు బెరిబెరి. మద్రాసు రాజధానిలో అది ముఖ్యంగా పట్టి పీడించింది ఉత్తర సర్కారుల్ని, అంటే కోస్తా తెలుగు జిల్లాల్ని. అదే రాజధానిలో అన్నమే తినే తమిళ జిల్లాల పేదలను అంతగా బాధించలేదు. తేడా బియ్యం తయారీలో ఉంది. అక్కడ ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబెట్టినప్పుడు పైపొరల్లోని థయమిన్ అనే బి విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. ఇక్కడ పచ్చిబియ్యం మీద మోజు. మిల్లు వచ్చాక థయమిన్ తవుడుతో పోయింది, మిగిలిన కాస్తా కడుగునీళ్ళతో, వార్చిన గంజితో పోయింది. రోట్లో దంచుకున్నన్నాళ్ళు గింజ మీద ఎంతో కొంత తవుడు నిలిచేది. మర వచ్చి ఆ ఎంతో కొంతనీ ఊడ్చేసింది.

1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ ఈ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గది పేరే బెరిబెరి విచారణ విభాగం. అది 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లాబరేటరీస్‌గా పెరిగి, 1958లో హైదరాబాద్ చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1934లో గాంధీ గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి దంపుడు బియ్యం తినమని ఊరూరా ప్రచారం చేయించినప్పుడు దాని వెనుక ఈ పరిశోధనల వెలుగు కూడా ఉంది. ఇవాళ బెరిబెరి అరుదు. పప్పు, కూర, పాలు కాస్త పెరిగేసరికి థయమిన్ వేరే దారిన వచ్చింది. తెల్లబియ్యం, తెల్లపిండి మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు వాటి మీద వేరే నేరం మోపుతున్నాం. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు పది కోట్ల పైమాటే.

తెలుగు ఇళ్ళలోకి గోధుమ వచ్చింది చాలావరకు మధుమేహం వెంటే. అంతకుముందు పూరీకీ పండగకీ తప్ప గోధుమపిండితో పని తక్కువ. 1950ల చివర, 60ల్లో అమెరికా గోధుమ రేషన్ షాపుల్లోకి వచ్చినప్పుడు అయిష్టంగానే తిన్నారు. తర్వాత డాక్టర్లు చెప్పారు. ‘షుగరొచ్చింది, రాత్రిపూట చపాతీ’ అన్నది మన మధ్యతరగతి ఇళ్ళలో ఒక జీవితఘట్టమైపోయింది. బ్రెడ్డు అంతకన్నా వింతగా వచ్చింది, జ్వరం పత్యంగా. 1965లో కేంద్ర ప్రభుత్వమే మోడర్న్ బేకరీస్ పెట్టి నగరాల్లో బ్రెడ్డు కాల్పించింది. 2000లో దాన్ని హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేదాకా దేశంలో సర్కారీ బ్రెడ్డు దొరికేది. మైనపు కాగితంలో చుట్టిన ఆ తెల్లరొట్టెను పాలలో ముంచుకు తిన్న తరానికి ముడిగోధుమ రొట్టె అన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు వస్తోంది. ఉద్యోగానికి పోయే మనిషి మధ్యాహ్నం తినడానికి త్వరగా తయారయ్యేది, కడుపుకు మంచిదీ ఒకటి కావాలని సూపర్‌మార్కెట్ అరల ముందు నిలబడి గోధుమరంగు పొట్లాలు తిరగేస్తున్నాడు.

ఆ పొట్లాల్లో ఏముందో చూసేముందు, బేకరీవాళ్ళ పక్షాన ఒక మాట చెప్పాలి. మన గోధుమపిండితో బ్రెడ్డు చేయడం నిజంగా కష్టం. గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు ప్రొటీన్లు ఉన్నాయి. తడిపి పిసికితే రెండూ పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వల అవుతుంది. ఈస్టు వదిలే బొగ్గుపులుసు వాయువును ఆ వల పట్టి ఉంచితేనే రొట్టె పొంగుతుంది. పొట్టు తునకలు ఆ వలకు ఉబ్బుతున్న బెలూన్‌లో గుచ్చిన సూదుల్లాంటివి. పైగా పొట్టు నీళ్ళు పీల్చేసుకుంటుంది, ప్రొటీనుకు చాలినంత మిగలదు. అంకురంలో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం గ్లూటెన్ ముడుల్ని వదులు చేస్తుంది. వీటన్నిటికీ తోడు మన చక్కీ. రాళ్ళ మధ్య ఒత్తిడికీ వేడికీ పిండి రేణువులు చాలా చిట్లిపోతాయి. చిట్లిన రేణువు మామూలు రేణువుకన్నా ఎన్నో రెట్లు నీళ్ళు తాగుతుంది. పుల్కాకు ఇది వరం. ముద్ద ఎక్కువ నీళ్ళు పట్టుకుంటుంది, పెనం మీద ఆ నీరు ఆవిరై రెండు పొరల్నీ విడదీసి పొంగిస్తుంది, చల్లారాక కూడా మెత్తగా ఉంటుంది. అదే పిండితో బ్రెడ్డు చేయబోతే చిట్లిన రేణువుల మీద ఎంజైములు పడి ముద్ద జిగురవుతుంది, ఓవెన్‌లోంచి వచ్చేది ఇటుక. పుల్కా కోసం వందల ఏళ్ళుగా ఎంచుకుంటూ వచ్చిన పిండిని పట్టుకుని బ్రెడ్డు ఎందుకు కావని అడగడం దానికి అన్యాయం.

అందుకని బేకరీలు మధ్యేమార్గం పట్టాయి. సగమో అంతకన్నా ఎక్కువో మైదా, కొంత ఆటా, విడిగా కొన్న గ్లూటెన్ పొడి, ముద్ద సాగడానికి ఎమల్సిఫయర్లు, బూజు పట్టకుండా కాల్షియం ప్రొపియొనేట్. పొట్లం మీద దాని గుర్తు 282. గోధుమరంగు చాలకపోతే కారమెల్. దాని గుర్తు 150, పక్కన ఒక అక్షరం. పొట్లం ముందువైపు పొలం బొమ్మ చూడటం మానేసి వెనక్కి తిప్పండి. చట్టం ప్రకారం పదార్థాలను బరువు తగ్గే వరుసలో రాయాలి. ముందువైపు గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతమో కూడా రాయాలి. మొదటి పేరు శుద్ధిచేసిన గోధుమపిండి లేదా మైదా అయితే రంగు ఏదైనా అది మైదా రొట్టె. మల్టీగ్రెయిన్ అన్న చోట ఈ శాతాలు చదవడం మంచి కాలక్షేపం. ఓట్స్ రెండు శాతం, రాగి ఒక శాతం, అవిసెలు పైన చల్లినన్ని. సోర్‌డో అన్న పేరుకూ ముడిగోధుమకూ సంబంధం లేదని కూడా గుర్తుంచుకోవాలి. పులిసిన ముద్దలో ఆమ్లం వల్ల, ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు విరిగి ఇనుము, జింకు బాగా ఒంటపడతాయన్నది వాస్తవమే. కానీ ఫైటేట్లు ఉండేది పొట్టులో. మైదా సోర్‌డోలో విరగ్గొట్టడానికి అవి ఉంటే కదా.

కలిపే రసాయనాల మీద భయం అంతా అనవసరం కాదు. 2016 మే నెలలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఢిల్లీలో సేకరించిన 38 రొట్టె, బేకరీ నమూనాలను పరీక్షిస్తే 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేదా అయోడేట్ అవశేషాలు కనిపించాయి. పిండిని బలపరచడానికి కలిపే బ్రోమేట్‌ను మనుషుల్లో క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1999లోనే వర్గీకరించింది. ఆ మరుసటి నెల జూన్‌లోనే మన ఆహార భద్రతా సంస్థ దాన్ని నిషేధించింది. అయితే బ్రోమేట్ పోయినంత మాత్రాన మైదా ఆటా అయిపోదు.

నూటికి నూరుపాళ్ళు ఆటా రొట్టె చేసే చిన్న బేకరీలు, ఇంటి దగ్గర కాల్చి అమ్మేవాళ్ళు హైదరాబాద్, బెంగళూరు, విశాఖల్లో ఉన్నారు. వాళ్ళ రొట్టెకు మూడు గుర్తులు. బరువుగా ఉంటుంది, ఖరీదుగా ఉంటుంది, మూడో రోజుకు బూజు పడుతుంది. మూడోదాన్ని చూసి విసుక్కుంటాం గానీ నమ్మదగిన గుర్తు అదే. ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులు వస్తుందనుకోవద్దు. బూజు ఆగుతుంది, రొట్టె మాత్రం ఇంకా త్వరగా గట్టిపడుతుంది. ఉడికిన పిండిపదార్థం తిరిగి గడ్డకట్టే ప్రక్రియకు ఫ్రిజ్ చల్లదనం బాగా అనువు. ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుని ఎప్పటికప్పుడు పెనం మీద కాల్చుకోవడం మేలు.

ఇంత కష్టపడి సంపాదించిన రొట్టె చక్కెరను అదుపులో ఉంచుతుందా అంటే, జవాబు కాస్త నిరాశగానే ఉంటుంది. ఒక ఆహారం తిన్నాక రక్తంలో గ్లూకోజు ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్‌ను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. గ్లూకోజుకు నూరు మార్కులు. 2008లో వెలువడిన అంతర్జాతీయ పట్టికలో తెల్లబ్రెడ్డుకు 75, గోధుమ బ్రెడ్డుకు 74. తెల్లన్నానికి 73, ముడిబియ్యం అన్నానికి 68. పొట్టు ఉన్నా లేకపోయినా మెత్తగా పొడి చేసి పొంగించిన రొట్టెలోకి జీర్ణరసాలు ఒకే వేగంతో చొచ్చుకుపోతాయి. అదే పట్టికలో చపాతీకి 52, గింజలు గింజలుగా కనబడే ప్రత్యేక రొట్టెలకు 53, ఉడికించిన శనగలకు 28. గింజ ఏ మేరకు విరిగిందన్నదే ఇక్కడ లెక్క. పొట్టుతో వచ్చే పీచు, మెగ్నీషియం, విటమిన్లు వేరే విధాలుగా మేలు చేస్తాయి, పేగులకూ గుండెకూ. చక్కెర వేగాన్ని మాత్రం మరే నిర్ణయిస్తుంది. 2025లో వెలువడిన ఇండియాబ్ ఆహార విశ్లేషణ దీన్నే ఇంకో వైపు నుంచి చెప్పింది. మన వాళ్ళ కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. మైదా, తెల్లబియ్యం మాని గోధుమపిండికో చిరుధాన్యాల పిండికో మారినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు కనబడలేదు. ఆ పిండిపదార్థంలో కొంత తగ్గించి దాని చోట పప్పు, పెరుగు లాంటి ప్రొటీన్లు తింటే తగ్గినట్టు కనబడింది. రాగిపిండి బిస్కట్లు కొని నిశ్చింతగా నిద్రపోయే మనలాంటివాళ్ళకు ఇది నచ్చదు.

కాబట్టి మధ్యాహ్న భోజనం విషయంలో ప్రశ్న మార్చుకోవాలి. ఏ రొట్టె అన్నదానికంటే ముందు, పక్కన ఏముంది? పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల భోజనానికి లెక్క ఇలా ఉంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400, పళ్ళు నూరు, గింజలు 35, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. పచ్చి పదార్థాల బరువులివి. మన మెస్సుల్లో ఫుల్ మీల్స్‌ను ఈ లెక్కకు పక్కన పెట్టి చూడండి. అన్నానికి హద్దు లేదు. కూర చిన్న గిన్నెలో గరిటెడు. తెలుగు భోజనం విస్తరినిండా ఉంటుందని మురిసిపోతాం గానీ రాశిగా ఉండేది అన్నమే, తక్కినవన్నీ దాన్ని లోపలికి పంపడానికి. పేదవాడికి ఐదు రూపాయలకు పూట గడిపే అన్నపూర్ణ పేరుతో 2014లో మొదలైన హైదరాబాద్ కేంద్రాలూ, ఆంధ్రలో 2018లో మొదలై మధ్యలో మూతపడి 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లూ చేస్తున్న పనిని తక్కువ చేయలేం. మార్చాలంటే అక్కడ మొదట మార్చాల్సింది బియ్యం రకం కాదనీ, పప్పు మరో గరిటె వేయించాలనీ నా అభిప్రాయం.

ఈ లెక్కకు హైదరాబాద్ కనిపెట్టిన ఉపాయం కర్రీ పాయింట్. అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో పుట్టి తెలుగు పట్టణాలన్నిటికీ పాకింది. గదిలో కుక్కర్లో అన్నం పడేసుకోవడం, కిందికి దిగి పప్పు, వేపుడు, సాంబారు పొట్లాలు తెచ్చుకోవడం. నగరంలో ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇంతకన్నా చవకగా, త్వరగా అయ్యే ఏర్పాటు నాకు తెలిసి ఇంకోటి లేదు. నూనె ఎక్కువన్న మాట నిజమే. కానీ అక్కడ కూర మనం కొనుక్కుంటాం, అన్నం మనం వండుకుంటాం. అంటే ఏది ఎంతన్నది మన చేతిలో ఉంది. హోటల్లో ఆ వీలు లేదు. ఇద్దరికి ఒక కూర పొట్లం తెచ్చుకునే అలవాటును ఒక్కరికి ఒక పప్పు, ఒక ఆకుకూరగా మార్చుకుని, కుక్కర్లో బియ్యం పావు వంతు తగ్గించుకుంటే పట్టిక లెక్కకు చాలా దగ్గరికొస్తాం. అక్కడే పుల్కాలూ అమ్ముతారు. ఆటాతో చేసినవా, మైదా కలిసినవా అన్నది చల్లారాక తెలిసిపోతుంది. మైదా పాలు ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది.

ఇంటి నుంచి డబ్బా కట్టుకుపోయేవాళ్ళకు నిలవ సమస్య మళ్ళీ ఎదురవుతుంది, ఈసారి గంటల్లో. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు చావకుండా మిగులుతాయి. అన్నం గోరువెచ్చగా ఉన్న గంటలు వాటికి పండగ. అది వదిలే ఒక రకం విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ప్రయాణాలకు పులిహోర, దద్దోజనం కట్టడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే. చింతపండు పులుపు, పెరుగు పులుపు ఆ సూక్ష్మజీవుల పెరుగుదలకు అడ్డుపడతాయి. ఉత్త అన్నమూ పప్పూ అయితే పొద్దున వేడివేడిగా కట్టి నాలుగు గంటల్లోపు తినేయాలి. పులుపు లేకుండా, పిండి కాకుండా డబ్బాకు అన్నిటికన్నా అనువైనది గుగ్గిళ్ళే అనిపిస్తుంది. శనగలో, బొబ్బర్లో, పెసలో రాత్రి నానేసి పొద్దున ఉడికించి తాలింపు పెడితే చాలు. పొట్టు, అంకురం, పప్పు మూడూ ఉన్నాయి, మర ముట్టుకోలేదు. కొనేటప్పుడు ఆరునెలలకు సరిపడా కొన్నా ముక్కిపోవు. దేవుడికి నైవేద్యంగా పెట్టి పంచిపెట్టడానికే పరిమితం చేశాం గానీ, పచ్చి ఉల్లిపాయ, మామిడికాయ తురుము కలిపితే అది పూర్తి భోజనం. పెసరట్టు కూడా ఈ కోవలోదే. ఉప్మా చేసుకునేవాళ్ళు మాత్రం రవ్వ సంగతి చూసుకోవాలి. బొంబాయి రవ్వ మైదాకు అన్న, అంకురమూ పొట్టూ తీసేసిన భాగమే. ఎర్రటి గోధుమ రవ్వ గింజను పగలగొట్టింది.

రొట్టే కావాలన్నవాళ్ళ కోసం చివరికి ఫుట్‌పాత్ మీదికి రావాలి. గత కొన్నేళ్ళుగా హైదరాబాద్‌లో సాయంత్రమయ్యేసరికి కట్టెలపొయ్యి, పెనం, ఒక చిన్న బల్ల పెట్టుకుని ఆడవాళ్ళు జొన్నరొట్టెలు కాలుస్తున్నారు. ముందు షుగర్ పేషెంట్లు కొన్నారు, తర్వాత అందరూ. అరవై గ్రాముల పిండితో చేసిన ఒక రొట్టెలో పీచు ఆరు గ్రాములు. స్వచ్ఛమైన ఆటా బ్రెడ్డు మూడు ముక్కలు తింటే గానీ అంత రాదు. రోజుకు కావలసిన ముప్పై గ్రాముల్లో అయిదో వంతు. జొన్నలో గ్లూటెన్ లేదు, సాగే వల తయారుకాదు. అందుకని మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. వేడికి కొంత పిండి ఉడికి జిగటగా మారి తక్కినదాన్ని పట్టి ఉంచుతుంది. చేత్తో తట్టి సాగదీయడానికి ఆ జిగటే ఆధారం. పిండి పాతబడితే ఆ జిగట పోతుంది, అంచులు పగులుతాయి, ఎత్తబోతే విరుగుతుంది. ఏ రోజుకారోజు గిర్నీకి పోయి పట్టించుకురావడం వాళ్ళకు తప్పదు. పొట్లం మీద తయారీ తేదీ రాయనక్కర లేదు, రొట్టె గుండ్రంగా నిలిచిందంటే పిండి తాజాదే. తట్టడం సులువవుతుందని కొందరు బియ్యప్పిండి కలుపుతారు. అడిగితే దాచరు.

మధ్యాహ్నం ఆ బల్లలు ఉండవన్నది ఒక్కటే లోటు. దానికి సోలాపూర్, కలబురగి, విజయపుర వైపు ఎప్పుడో దారి కనిపెట్టారు. పల్చగా తట్టిన జొన్నరొట్టెను కాల్చాక, తేమంతా పోయేదాకా సన్నటి వేడి మీదో ఎండలోనో ఆరనిస్తారు. అదే కడక్ రొట్టె. కాలేటప్పుడు లైపేజ్ చచ్చిపోతుంది కాబట్టి నూనె త్వరగా ముక్కిపోదు. నీరు లేదు కాబట్టి బూజు పట్టదు. అంకురాన్ని తీయకుండా, ప్రొపియొనేట్ కలపకుండా వారాల తరబడి నిలిచే ముడిధాన్యపు రొట్టె ఇది. బుడాపెస్ట్ రోలర్లు గింజలోంచి అంకురాన్ని తీసి సాధించినదాన్ని వీళ్ళు నీళ్ళు తీసి సాధించారు. హైదరాబాద్‌లో కొన్ని పచ్చళ్ళ దుకాణాల్లో, చిరుధాన్యాల దుకాణాల్లో కట్టలు కట్టి అమ్ముతున్నారు. గాలి చొరని డబ్బాలో వేసి ఆఫీసు సొరుగులో పెట్టుకోవచ్చు. తినే ముందు విరిచి పప్పులోనో పెరుగులోనో నాననివ్వాలి, లేకపోతే పళ్ళకు పని. పల్లీల పొడి ఉంటే ఇంకా బాగుంటుంది. విరిస్తే చప్పుడు రాకుండా వంగిందంటే తేమ చేరిందని అర్థం. పెనం మీద ఇటూ అటూ తిప్పి ఆరబెడితే మళ్ళీ దారికొస్తుంది.